రిమ్ము తగ్గించు... రయ్‌మనిపించు!

సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ కారు చవగ్గానే దొరుకుతోంది. చుక్కలు చూపించేది దాని టైర్లే. సైజు విషయంలో కాస్త లెక్క తెలిస్తే జేబూ మిగులుతుంది, కారూ బాగా నడుస్తుంది.

టొయోటా, సుబారు కలిసి 2012లో ఒక స్పోర్ట్స్ కారు తెచ్చాయి. జపాన్‌లో దాని పేరు టొయోటా 86. అమెరికాలో సయాన్ ఎఫ్‌ఆర్-ఎస్ అన్నారు, సుబారు బ్యాడ్జితో వస్తే బీఆర్‌జడ్. ఇంజిను ముందు, తోపు వెనక చక్రాలకు, బలం 200 హార్స్‌పవర్, బరువు సుమారు 1,250 కిలోలు. కారు చూసి ముచ్చటపడిన విలేకరులు వంగి టైరు మీది అక్షరాలు చదివాక మొహమొహాలు చూసుకున్నారు. మిషెలిన్ ప్రైమసీ హెచ్‌పీ, 215/45ఆర్17. పెట్రోలు పొదుపుకు పేరుపడ్డ ప్రియస్‌కు 17 అంగుళాల చక్రాలతో అప్పట్లో టొయోటా ఇచ్చిన టైరే అది. పట్టుపంచె కట్టి హవాయి చెప్పులేసుకున్నట్టుంది వ్యవహారం.

టొయోటా డబ్బు మిగుల్చుకోవడానికి చేసిన పని కాదది. ప్రధాన ఇంజనీరు తెత్సుయా తాదా కావాలనే అలాంటి టైరును ఎంచుకున్నారు. వెడల్పాటి టైరు, అతుక్కుపోయే రబ్బరు వేస్తే మలుపులో కారు ఎక్కడ జారుతుందో తెలుసుకోవడానికి ప్రమాదకరమైన వేగం దాకా వెళ్లాలి. సన్నటి టైరుతో ఆ హద్దు ముందే వస్తుంది, నెమ్మదిగా వస్తుంది. మామూలు వేగంలోనే నడిపేవాడి చేతికి, నడుముకు కబురు అందుతుంది. పైగా ఆ టైరు బరువు తక్కువ, ధరా తక్కువ.

టైరు సైజంటే దేవుడు రాసిన రాతని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఇంజనీరు, డిజైనరు, అమ్మకాల విభాగం ఒక గదిలో కూర్చుని కుదుర్చుకున్న రాజీ. షోరూంలో కారు నిగనిగలాడాలి కాబట్టి డిజైనరుకు పెద్ద రిమ్ము కావాలి. ఇంజనీరు ఇంకో అంగుళం తగ్గించమంటాడు. ఎక్కువసార్లు గెలిచేది డిజైనరే. పదిహేనేళ్ల తరవాత ఆ కారును మూడో చేతి మీదుగా కొన్నవాడు ఆ పాత రాజీకి తలవంచాల్సిన పనిలేదు. కొన్ని లెక్కలు తప్పకుండా, తన రాజీ తను కుదుర్చుకోవచ్చు.

గరాజులో రెండో కారు

ఇది ముఖ్యంగా అమెరికా కథ. అక్కడి మనవాళ్ల ఇళ్లలో పిల్లల్ని బడికి దింపడానికి, కాస్ట్‌కోకు వెళ్లడానికి ఒక క్యామ్రీయో, ఆర్‌ఏవీ4ఓ ఉంటుంది. గరాజులో రెండో చోటు ఖాళీగా కనిపిస్తే, చదువుకునే రోజుల్లో గోడ మీద అంటించుకున్న పోస్టరు గుర్తొస్తుంది. కొత్త స్పోర్ట్స్ కారంటే ఇంట్లో ఒప్పుకోరు. పాతది అందుబాటులోనే ఉంటుంది: మాజ్డా మియాటా, మొదటి తరం పోర్షా బాక్స్‌టర్, అయిదో తరం కార్వెట్. మూడూ రెండు సీట్లవే. మూడింటికీ పాత కార్ల బజారులో కొదవలేదు.

కారు ధర ఏటేటా దిగుతుంది. దాని టైరు ధర మాత్రం దిగదు. పాతికేళ్ల కార్వెట్‌కైనా టైరు కొనాల్సింది ఈరోజు ధరకే. సంబరంగా ఇంటికి తెచ్చుకున్న మొదటి నెలలోనే ఈ సంగతి తెలిసొస్తుంది. అప్పుడు రెండు తప్పుడు దారులు కనిపిస్తాయి. అదే పెద్ద సైజులో ఊరూపేరూ లేని చవక టైరు వేయించడం ఒకటి. సగం అరిగిన పాత టైర్లు వెతుక్కోవడం ఇంకొకటి. వీటికంటే మంచి దారి ఉంది: రిమ్ము చిన్నది చేసుకుని, ఆ మిగిలిన డబ్బుతో మంచి రబ్బరు కొనుక్కోవడం. చక్రం ఒక అంగుళం తగ్గితే అదే కంపెనీ, అదే రకం టైరు సాధారణంగా చవకవుతుంది. సాధారణంగా అని ఎందుకంటున్నానో మియాటా దగ్గర తెలుస్తుంది.

గోడ మీది గణితం

ముందుగా టైరు పక్కగోడ మీది అంకెలు. 185/60ఆర్14 82హెచ్ అని ఉందనుకోండి. టైరు వెడల్పు 185 మిల్లీమీటర్లు. పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 60 శాతం, అంటే 111 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్, 14 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. 82 బరువు సూచిక, ఒక్కో టైరు 475 కిలోలు మోస్తుంది. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. వీ అయితే 240, డబ్ల్యూ అయితే 270, వై అయితే 300.

అసలు కావాల్సింది మొత్తం టైరు ఎత్తు. పక్కగోడ కింద ఒకటి, పైన ఒకటి, మధ్యలో రిమ్ము. 111, 111, పద్నాలుగు అంగుళాలకు 355.6, కలిపితే 577.6 మిల్లీమీటర్లు. వేరే సైజుకు మారినా ఈ మొత్తం దాదాపు ఇంతే ఉండాలి. కారు వేగం చూపే ముల్లు, ఏబీఎస్, గేర్ల లెక్క అన్నీ దీని మీద ఆధారపడి ఉంటాయి. మూడు శాతం దాటనివ్వకూడదన్నది టైరు షాపుల వాడుక. నేనైతే రెండు దగ్గరే ఆగమంటాను. టైరు మూడు శాతం పెద్దదైతే ముల్లు 60 మైళ్లు చూపిస్తుంటే మీరు 62 దగ్గర వెళ్తుంటారు. పోలీసు రాడారుకు మీ టైరు సైజుతో పనిలేదు.

బరువు సూచిక, వేగం అక్షరం పాతవాటికంటే తగ్గకూడదు. ఇందులో బేరాల్లేవు.

పద్నాలుగు, పదిహేను, పదహారు

ఈ లెక్కలన్నీ అచ్చంగా అమరే కారు మియాటా. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మాజ్డా దాన్ని బయటపెట్టింది. 1.6 లీటర్ల ఇంజిను, 116 హార్స్‌పవర్, బరువు వెయ్యి కిలోల లోపు. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. 2016లో పదిలక్షల మార్కు దాటింది. మొదటి తరానికి కంపెనీ ఇచ్చిన టైరు పైన లెక్కేసిన 185/60ఆర్14.

1989లో పద్నాలుగు అంగుళాల రిమ్ము మామూలు విషయం. అప్పటి చిన్న కార్లలో చాలావాటికి పదమూడో, పద్నాలుగో. ఇప్పుడు అమెరికాలో కొత్త కారు ఏదీ దాదాపుగా పద్నాలుగుతో రావడం లేదు. కొనేవాళ్లు లేని సైజులో కంపెనీలు మంచి రబ్బరు పొయ్యడం మానేశాయి. 185/60ఆర్14లో ఇప్పుడు దొరికేవి ఎక్కువగా పొదుపు కార్ల కోసం చేసిన గట్టి టైర్లు. అరగవు, చవక, కానీ మలుపులో కారుకున్న తెలివి రోడ్డుకు చేరదు. చిన్న సైజు ఎప్పుడూ లాభమే అనుకునేవాళ్లకు ఇక్కడ మొదటి దెబ్బ తగులుతుంది. మరీ చిన్నదైతే చవకదే మిగులుతుంది, మంచిది మాయమవుతుంది.

ఒక అంగుళం పెంచి చూద్దాం. 195/50ఆర్15. పక్కగోడ 97.5, రెండు గోడలూ కలిపి 195, పదిహేను అంగుళాలకు 381. మొత్తం 576. పాతదానికీ దీనికీ తేడా రెండు మిల్లీమీటర్లు కూడా లేదు! వేగం ముల్లుకు తెలియదు, గేరుకు తెలియదు. ఇది బయటివాళ్లు కనిపెట్టిన చిట్కా కూడా కాదు, రెండో తరం మియాటాలో మాజ్డాయే ఇచ్చిన సైజు. కొంచెం లావు కావాలంటే 205/50ఆర్15 ఉంది. మొత్తం 586, తేడా ఒకటిన్నర శాతం. ఈ కార్లతో పందేలాడేవాళ్లకు 225/45ఆర్15 ఉంది. మొత్తం 583.5, తేడా ఒక శాతమే, కానీ దానికి కనీసం ఏడు అంగుళాల వెడల్పు రిమ్ము కావాలి. ఎనిమిదైతే ఇంకా నయం.

ఈ పదిహేను అంగుళాల సైజుల్లో ఇప్పటికీ మంచి రబ్బరు ఎందుకు దొరుకుతోంది? ఆటోక్రాస్ పుణ్యం. వారాంతంలో ఖాళీ పార్కింగ్ స్థలంలో ప్లాస్టిక్ కోన్లు పెట్టి గడియారంతో పోటీపడే ఆట అది. ఒక్కోసారి ఒక్క కారే పరుగు తీస్తుంది. మియాటాలు, పాత హోండాలు వందలకొద్దీ దిగుతాయి. వాళ్ల కోసం యోకొహామా, బ్రిడ్జ్‌స్టోన్, హాంకుక్, ఫాల్కెన్ వంటి కంపెనీలు పోటీపడి టైర్లు చేస్తున్నాయి. కాబట్టి సైజు ఎంచుకునే ముందు కారు పుస్తకం చూస్తే చాలదు, బజారు కూడా చూడాలి. ఏ సైజులో జనం ఎక్కువగా కొంటున్నారో అక్కడే ధర దిగుతుంది, నాణ్యతా పెరుగుతుంది.

2001 తరవాతి రెండో తరంలో కొన్నిటికి మాజ్డా 205/45ఆర్16 ఇచ్చింది. చూడ్డానికి బాగుంటుంది. కొనబోతే దుకాణాలు తిరగాలి. వాటి యజమానులు చాలామంది ఆ పదహారు అంగుళాల రిమ్ములు అటకెక్కించి పదిహేనుకు దిగిపోయారు. ఆ కార్లకు ముందు బ్రేకులు పెద్దవి, పద్నాలుగు రిమ్ము ఎక్కదు, పదిహేను ఎక్కుతుంది. ఏ కారులోనైనా ఎంత కిందికి దిగొచ్చో చెప్పేది ఈ బ్రేకు కాలిపరే.

2016 మోడల్ నుంచి వస్తున్న నాలుగో తరంలో కథ తిరగబడింది. తక్కువ రకానికి 195/50ఆర్16, ఎక్కువ రకానికి 205/45ఆర్17. పదహారే చవక పడుతుందనుకుంటాం. కానీ 195/50ఆర్16 అరుదైన సైజు. ఆ వరసలో నాలుగైదు టైర్లు కూడా కంటికి ఆనవు. పదిహేడులోనే ఎంపిక ఎక్కువ. పదహారు రిమ్ములున్నవాళ్లు 205/50ఆర్16 వైపు జరిగితే ఎంపిక పెరుగుతుంది. ఎత్తు 601 నుంచి 611కు చేరుతుంది, రెండు శాతం లోపే.

రిమ్ము మార్చేటప్పుడు ఇంకో మూడు కొలతలు. మొదటి తరం మియాటాది నాలుగు బోల్టుల రిమ్ము, ఆ బోల్టులు వంద మిల్లీమీటర్ల వలయం మీద ఉంటాయి. పాత హోండా సివిక్‌దీ అదే అమరిక కాబట్టి పాత సామాన్లలో పదిహేను రిమ్ములు తేలిగ్గా దొరుకుతాయి. కానీ హోండా రిమ్ము మధ్య రంధ్రం 56.1 మిల్లీమీటర్లు, మాజ్డా హబ్బు 54.1. ఆ రెండు మిల్లీమీటర్ల సందులో ప్లాస్టిక్ రింగు పెట్టకపోతే చక్రం సరిగ్గా మధ్యలో కూర్చోక 60 మైళ్ల దగ్గర స్టీరింగు వణుకుతుంది. టైర్లవాడు బ్యాలెన్సింగు మళ్లీమళ్లీ చేస్తాడు, డబ్బు మళ్లీమళ్లీ తీసుకుంటాడు, వణుకు పోదు. మూడోది ఆఫ్‌సెట్, అంటే రిమ్ము వెడల్పు మధ్యగీతకూ అది హబ్బుకు ఆనే చోటుకూ మధ్య దూరం. కంపెనీది 45 మిల్లీమీటర్లు. అది బాగా తగ్గితే టైరు బయటికొచ్చి మడ్‌గార్డుకు రాసుకుంటుంది.

పెద్ద చక్రం మోజు

పలచటి పక్కగోడ టైరు మొదట్లో అలంకారం కాదు, అవసరం. 1970లలో పిరెల్లీ పీ7 వచ్చింది. లాన్సియా స్ట్రాటోస్ ర్యాలీ కారుతో మొదలై పోర్షా 911 టర్బోకు చేరింది. ముందు 205/50, వెనక 225/50, రిమ్ము పదిహేను. అప్పట్లో ప్రపంచంలోకెల్లా భయంకరమైన కార్లలో ఒకదానికి పదిహేను అంగుళాలు సరిపోయాయి. ఇప్పుడు కూరగాయలకెళ్లే ఎస్‌యూవీకి ఇరవై కావాలి.

పెద్ద రిమ్ముతో ఏమొస్తుంది, ఏం పోతుంది? 'కార్ అండ్ డ్రైవర్' పత్రిక 2010లో ఒక ఫోక్స్‌వాగెన్ గోల్ఫ్‌కు పదిహేను నుంచి పంతొమ్మిది అంగుళాల దాకా అయిదు సైజుల చక్రాలు మార్చి మార్చి పరీక్షించింది. టైరు రకం ఒకటే. మలుపులో పట్టు పెద్ద సైజులతో పెరిగింది, ఒప్పుకోవాలి. కానీ చక్రాల బరువూ పెరిగింది. పరుగు అందుకోవడం మందగించింది, పెట్రోలు ఖర్చు దాదాపు పది శాతం ఎక్కువైంది. చక్రం బరువు స్ప్రింగుల కింద ఉంటుంది, పైగా తిరుగుతుంది. ఆ బరువును ఇంజిను లాగాలి, బ్రేకు ఆపాలి, ప్రతి గుంత దగ్గరా షాకబ్జార్బరు అదుపు చేయాలి. 116 హార్స్‌పవర్ కారు మీద ఆ భారం వేస్తే అది స్పోర్ట్స్ కారులా కనిపిస్తుంది గానీ అలా నడవదు.

ముందొకటి, వెనకొకటి

మియాటాకు నాలుగు చక్రాలకూ ఒకే సైజు. టొయోటా 86కూ అంతే. ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చుకుంటూ నాలుగూ సమంగా అరగదీయొచ్చు. పొదుపులో సగం ఇక్కడే ఉంది. టొయోటా 86కు ఇంకో వెసులుబాటు కూడా ఉంది. జపాన్‌లో దాని చవక రకం 205/55ఆర్16 మీద వచ్చింది. గోల్ఫ్, కరోలా లాంటి కార్లు లక్షల సంఖ్యలో వాడే సైజు. ఎత్తు తేడా ఒక్క శాతం. బ్రేకుకు తగలని పదహారు అంగుళాల రిమ్ములు దొరికితే ఇంతకంటే మంచి బేరం ఉండదు.

బాక్స్‌టర్, కార్వెట్‌ల దగ్గర ఆ సౌఖ్యం లేదు. ముందు సన్నవి, వెనక లావువి. మార్చుకోవడం కుదరదు. వెనకవి ముందుగా అరుగుతాయి, అవే ఖరీదైనవి.

1996లో మొదలైన బాక్స్‌టర్‌కు పోర్షా మూడు జతలు ఇచ్చింది. పదహారు: ముందు 205/55, వెనక 225/50. పదిహేడు: ముందు 205/50, వెనక 255/40. పద్దెనిమిది: ముందు 225/40, వెనక 265/35. చాలా కార్లు పదిహేడు మీదే అమ్ముడయ్యాయి. చిక్కంతా అక్కడే. 205/50ఆర్17ను వాడే కార్లు కొద్ది. వెనకది దొరికి ముందుది దొరకని రోజులుంటాయి. పదహారు రిమ్ములు మాత్రం 'ఇవి పోర్షాకు నప్పవు' అని జనం వదిలించుకోవడంతో తక్కువకే వస్తాయి. పక్కగోడ 112 మిల్లీమీటర్ల పైనే, గుంతలో రిమ్ము బతుకుతుంది. పద్దెనిమిదిలో ఆ గోడ 90 మాత్రమే. పార్కింగులో పక్కవాళ్లు చిన్నచూపు చూస్తారేమో, చూడనివ్వండి.

పోర్షా తనకు నచ్చిన టైర్ల మీద ఎన్0, ఎన్1 అంటూ గుర్తు వేయిస్తుంది. వాటికి ధర ఎక్కువ. ఎన్ గుర్తు లేకపోతే కారు పల్టీ కొడుతుందన్న భయం అక్కర్లేదు. కానీ ముందు ఒక కంపెనీ, వెనక ఇంకో కంపెనీ మాత్రం వద్దు. నాలుగూ ఒకే మోడల్ టైర్లుండాలి. ఈ విషయంలో పోర్షావాళ్లతో నాదీ ఒకే మాట.

1997లో వచ్చిన అయిదో తరం కార్వెట్‌లో రిమ్ములే వేర్వేరు. ముందు 245/45 పదిహేడు, వెనక 275/40 పద్దెనిమిది. పైగా కారులో స్టెప్నీ లేదు. గాలి పోయినా కొంతదూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లతో అమ్మారు. అవి బరువు, గట్టి, ఖరీదు. చాలామంది యజమానులు మామూలు టైర్లు వేయించి డిక్కీలో పంక్చర్ కిట్టు, చిన్న గాలి పంపు పెట్టుకుంటారు. ఊరి చుట్టుపక్కల తిరిగేవాళ్లకు అది బాగానే నడుస్తుంది. రాత్రిపూట పశ్చిమ టెక్సస్‌లో, మనిషి అలికిడి లేని రోడ్ల మీద వెళ్లేవాళ్లు మాత్రం ఆలోచించుకోవాలి.

సాన్ ఏంజెలో చుట్టూ

ఆ పశ్చిమ టెక్సస్‌లోనే సాన్ ఏంజెలో అని ఒక ఊరుంది. అమెరికాలో అమ్మే కారు టైర్ల మీద కనిపించే ట్రెడ్‌వేర్ అంకె అక్కడే పుడుతుంది. ఊరి చుట్టూ 400 మైళ్ల మామూలు రోడ్డు చుట్టు ఉంది. కొలబద్ద టైరున్న కారు, పరీక్షించాల్సిన టైరున్న కార్లు బారుగా దాని మీద 7,200 మైళ్లు తిరుగుతాయి. తరవాత అరుగుదల కొలుస్తారు. కొలబద్దది 100 అయితే దానికి రెట్టింపు మన్నుతుందనిపించిన టైరుకు 200.

అంకె వేసుకునేది మాత్రం కంపెనీయే. ఒక కంపెనీ 300ను మరో కంపెనీ 300తో పోల్చడం కష్టం. ఒకే కంపెనీ టైర్ల మధ్య పోలికకు పనికొస్తుంది. మెత్తటి రబ్బరుకు తక్కువ అంకె, గట్టి రబ్బరుకు ఎక్కువ అంకె అన్నది స్థూలంగా నిజం. ఆటోక్రాస్ నడిపే ఎస్‌సీసీఏ అనే క్లబ్బు తన స్ట్రీట్ తరగతిలో 200కు తక్కువ టైర్లను ఒప్పుకోదు. అందుకే సరిగ్గా 200 అంకె ఉన్న టైర్లు అన్నొచ్చాయి, కొన్నిటి మెత్తదనం చూస్తే ఆ అంకె మీద అనుమానం వస్తుంది! పక్కనే ఏఏ, ఏ, బీ, సీ అని పట్టుకూ ఒక అక్షరం ఉంటుంది. అది తడి రోడ్డు మీద నేరుగా బ్రేకు వేసినప్పటి సంగతే చెబుతుంది. మలుపు సంగతి చెప్పదు.

వారానికోసారి సరదాగా తిప్పే కారుకు 200 అంకె టైరు వద్దంటాను. ఒకటి రెండు సీజన్లకే అరుగుతుంది, వానలో కొన్ని భయపెడతాయి, వేడెక్కితేగాని పనిచేయవు. 300, 400 మధ్య ఉండే మంచి సమ్మర్ టైరు చాలు. డాలస్‌లో ఉంటే ఏడాదిలో ఎక్కువ భాగం అదే నడుస్తుంది. షికాగో, న్యూజెర్సీ చలిలో సమ్మర్ టైరు పనికిరాదు. ఏడు డిగ్రీల సెల్సియస్ కిందికి వెళ్తే ఆ రబ్బరు గట్టిపడి పట్టు వదిలేస్తుంది. గడ్డకట్టే చలిలో కదిలిస్తే పగుళ్లు కూడా రావచ్చు. అక్కడివాళ్లు చలికాలమంతా కారు గరాజులో కప్పి ఉంచాలి, లేదంటే స్పోర్ట్స్ కార్ల కోసం చేసే ఆల్-సీజన్ టైరుకు మారాలి.

కొత్తగా కనిపించే పాత టైరు

స్పోర్ట్స్ కారు తక్కువ తిరుగుతుంది. కాబట్టి దాని టైరు అరగకముందే ముసలిదవుతుంది. గాడులు లోతుగా ఉంటాయి, రబ్బరు మాత్రం ఎండిపోయి ఉంటుంది. పక్కగోడ మీద డాట్ అనే అక్షరాల వరసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారీ. అయిదేళ్లు దాటితే ఏటా చూపించుకోమని, పదేళ్లకు ఎలా ఉన్నా తీసేయమని మిషెలిన్ చెబుతుంది. స్పోర్ట్స్ కారుకు నేనైతే ఆరేడేళ్లకే తీసేయమంటాను.

2013 నవంబరు 30న కాలిఫోర్నియాలోని సాంటా క్లారిటాలో పోర్షా కరెరా జీటీ ప్రమాదంలో 'ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్' నటుడు పాల్ వాకర్, కారు నడుపుతున్న ఆయన మిత్రుడు చనిపోయారు. 45 మైళ్ల పరిమితి ఉన్న రోడ్డు మీద 80, 93 మైళ్ల మధ్య వేగంతో వెళ్లారని, ఆ వేగమే కారణమని దర్యాప్తు తేల్చింది. అదే దర్యాప్తులో బయటపడిన ఇంకో సంగతి: కారు టైర్లు తొమ్మిదేళ్ల నాటివి. కోట్లు పెట్టి కొన్న కారుకు కూడా టైరు వయసు అడిగేవాళ్లు లేకపోయారు.

అందుకే 'ఎనభై శాతం ట్రెడ్ ఉంది' అంటూ అమ్మే సెకండ్‌హ్యాండ్ టైర్ల జోలికి పోవద్దు. వాటి తేదీ తెలిసినా చరిత్ర తెలియదు. లోపల అతుకేశారో, గాలి లేకుండా ఎన్ని మైళ్లు లాగారో పైకి కనపడదు. రిమ్ము సెకండ్‌హ్యాండ్‌లో కొనండి. టైరు కొత్తదే కొనండి.

హైదరాబాద్‌లో ఇదే లెక్క

మియాటా మన దేశంలో షోరూములకు రాలేదు. హైదరాబాద్‌లో చేతులు మారేవి ఎక్కువగా జర్మన్ స్పోర్ట్స్ కార్లు: ఆడి టీటీ, బీఎండబ్ల్యూ జడ్4, బాక్స్‌టర్, కేమన్. ఇక్కడ టైరు సమస్యకు ఇంకో ముడి ఉంది. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని ఆంక్షల జాబితాలో పెట్టింది. లైసెన్సు ఉంటేగాని తెప్పించలేరు. దాంతో దేశంలో తయారుకాని వింత సైజులు దొరకడం కష్టమైంది. వెనక చక్రానికి టైరు కోసం నెలలు ఎదురుచూసే యజమానులున్నారు. కాబట్టి ఇక్కడ బజారు చూసి సైజు ఎంచుకోవాలన్న సూత్రం అమెరికాలోకంటే గట్టిగా వర్తిస్తుంది. 205/55ఆర్16, 225/45ఆర్17 ఆక్టేవియాల దగ్గర్నుంచి పెద్ద సెడాన్ల దాకా నడుస్తున్న సైజులు, అపోలో, సియట్ లాంటి దేశీ కంపెనీలూ చేస్తాయి. అపోలో తిరుపతి జిల్లా చినపాండూరులో 2020లో కర్మాగారం తెరిచింది. అమెరికాలో స్పోర్ట్స్ కార్లవాళ్లు కొనే వ్రెడెస్టీన్ అనే డచ్ బ్రాండు కూడా 2009 నుంచి ఆ కంపెనీదే.

టైరు షాపులో వినిపించే మాట మాత్రం వేరు. "అన్నా, ఇంకో రెండించులు పెంచు, లుక్ మారిపోతది!" లుక్ మారుతుంది, నిజమే. కొత్త స్పీడ్ బ్రేకరు దగ్గర పలచటి పక్కగోడ నలిగి, వారానికల్లా ఉబ్బు లేస్తుంది. పక్కగోడలో ఉబ్బొచ్చిన టైరుకు రిపేరు లేదు, పారేయడమే. చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కంపెనీ ఇచ్చిన స్వరూపాన్ని మార్చకూడదంటుంది. అదే మోడల్‌లో కంపెనీ ఇంకో రకానికి ఇచ్చిన సైజు వేయించుకుంటే ఇన్సూరెన్సువాళ్లతో వాదన ఉండదు. అదృష్టవశాత్తూ పొదుపు దారి కూడా తరచూ అదే, తక్కువ రకానికి ఇచ్చిన చిన్న చక్రం.

ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న టీటీ లాంటి కార్లకు ఒక హెచ్చరిక. రెండు కొత్తవి, రెండు అరిగినవి కలిపి వేస్తే చుట్టుకొలతల తేడాకు లోపలి క్లచ్చు అనవసరంగా పనిచేస్తుంటుంది. నాలుగూ ఒకేసారి మార్చాలి.

షాపులో నిలబడి

రెండే కొనే స్థోమత ఉండి, నాలుగూ ఒకే సైజైతే కొత్తవి ఎక్కడ వేయించాలి? ముందు అనిపిస్తుంది, స్టీరింగు అక్కడే కదా అని. టైరు కంపెనీలు వెనకే వేయమంటాయి. తడి రోడ్డు మీద ముందు టైరు జారితే కారు తిన్నగా పోతుంది, యాక్సిలరేటరు వదిలితే చాలావరకు దారికొస్తుంది. వెనకది జారితే కారు గిర్రున తిరుగుతుంది, సర్దుకునే టైముండదు.

2008 మోడల్ నుంచి అమెరికా కార్లకు టైరులో గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరి. ఫైర్‌స్టోన్ టైర్ల ప్రమాదాల తరవాత 2000లో వచ్చిన చట్టం ఫలితమది. చక్రంలో సెన్సరుతో పనిచేసే కారైతే, కొత్త రిమ్ములు కొన్నప్పుడు నాలుగు సెన్సర్ల ఖర్చూ కలుపుకోండి. బిగింపు, బ్యాలెన్సింగు, పాత టైర్లు పారేసే రుసుము, చివర్లో అలైన్‌మెంటు. వీటన్నిటినీ కలిపి అడిగితేనే అసలు ధర తెలుస్తుంది. అలైన్‌మెంటు దగ్గర మిగుల్చుకుందామనుకుంటే కొత్త టైరు లోపలి అంచు కొన్ని నెలల్లో నున్నగా అవుతుంది. యాభై, వంద మైళ్లు తిరిగాక నట్లు మళ్లీ టార్క్ రెంచితో చూసుకోవాలి.

ఆఖరున గాలి. షాపు కుర్రాడు కారేదైనా 35 కొట్టేస్తాడు. మియాటా తలుపు దగ్గరి చీటీ మీద మాజ్డా రాసింది నాలుగింటికీ 26 పీఎస్ఐ. తేలికైన కారు, అంతకు మించితే రోడ్డు మీద ఎగిరెగిరి పడుతుంది. 26 అంటే కుర్రాడు తప్పు విన్నానేమోనని మళ్లీ అడుగుతాడు. చీటీ చూపించండి.